దున్న లోపలి మనిషి

కరుంగా పడవ పక్కన గొంతుక్కూర్చుని, పలకల మధ్య సందులోకి తారులో ముంచిన గుడ్డపీలికను ఉలి మొనతో కూరుతున్నాడు. పొద్దుటి నుంచి ఇది నాలుగో సందు. తారు చుక్క జారి ఎడమ పాదం మీద పడి చురుక్కుమన్నా చెయ్యి ఆపలేదు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. సన్నటి కాళ్ళు, నెరిసిన గడ్డం, నాలుగు మాటలకు ఒక మాట చెప్పే నోరు. రెండు భుజాల మీదా మాత్రం, కాడి మోసే ఎద్దు మెడకు కాసినట్టు నల్లటి కాయలు. పడవలు బాగుచేసేవాడికి భుజాల మీద కాయలెందుకని మా ఊళ్ళో ఏ ఆడదీ అడగదు.

అడగకూడదు. అదే మా పద్ధతి. ఏటా పంట ఇంటికొచ్చాక జోలిబా నది ఒడ్డు మైదానంలోకి మా మృగాలు వస్తాయి. మొసలి వస్తుంది, కొంగ వస్తుంది, అందరికన్నా ఆఖర్న సిగీ అనే అడవి దున్న వస్తుంది. కొయ్య తల, కర్రల చట్రం, దాని మీద గుడ్డలూ గడ్డీ. లోపల ఎవరున్నారో ఆడవాళ్ళకు తెలియదు. తెలియకుండా ఉండడం వాళ్ళు చిన్నప్పుడే నేర్చుకుంటారు. మా మగవాళ్ళమేమో ఆ రహస్యమంతా మా వల్లే నిలుస్తోందనుకుని రొమ్ము విరుచుకు తిరుగుతాం. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ దున్న లోపల ఉన్నది కరుంగా. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ దున్న ముందు నిలబడి పాట ఎత్తుకుంటున్నది అతని భార్య సున్కురా.

ఆట మర్నాడు ఊరంతా దున్నను పొగుడుతుంది. సున్కురా కూడా బావి దగ్గర నలుగురితో కలిసి పొగుడుతుంది. ఇంటికొచ్చి, "పడవ పని మరీ ఎక్కువైనట్టుందయ్యా, నడుం పట్టేసిందా?" అంటూ నొప్పులకు రాసుకునే షియా వెన్న ముద్ద మొగుడి చేతిలో పెడుతుంది. అంతే, అంతకుమించి ఒక్క మాట ఉండదు.

పదకొండేళ్ళ క్రితం మా ఆట బృందాన్ని ఫ్రాన్సుకు పిలిచారు. వడ్రంగి పనికి వెళ్తున్నానని కరుంగా ఇంట్లో చెప్పాడు. పాడే ఆడవాళ్ళందరినీ తీసుకెళ్ళడం కుదరక వాళ్ళ పాటను రికార్డు చేసి పట్టుకెళ్ళారు. ఎనిమిది వందల మంది కూర్చున్న హాల్లో భార్య గొంతు గోడల్లోంచి వస్తుంటే అతను ఆడాడు. ఆట అయ్యాక, అది అక్కడి పద్ధతట, గుడ్డ పైకెత్తి అతన్ని బయటికి లాగి దీపాల ముందు నిలబెట్టారు. జనం లేచి నిలబడ్డారు. ముందు వరసలో ఒక తెల్లజుట్టు ముసలావిడ అతని ముఖంలోకే చూస్తూ, కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ చప్పట్లు కొట్టింది. చెమటతో తడిసి ముద్దయిన కరుంగాకు ముందు సిగ్గేసింది, తర్వాత ఏడుపొచ్చింది. ఎవరో ఊరూ పేరూ తెలియని ఆవిడకు తెలిసింది, సున్కురాకు తెలియదే! ఆ కోరిక అక్కడ పుట్టింది, ఇప్పటికీ చావలేదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, "బాగా ఆడావు" అన్న మాట ఆమె నోట వినాలి.

రేపు మళ్ళీ ఫ్రాన్సు ప్రయాణం. బృందం పెద్ద బ్రెహిమా ఒడ్డు దిగి వచ్చాడు. బడిపంతులు, మాట మెత్తన.

"బాబాయ్, తెల్లారేసరికి బస్సొస్తుంది. సాయంత్రం ఊరికి ఆడి చూపించాకే కదులుదాం."

"ఊరు చూడకుండా మృగాలు సముద్రం దాటవు కదరా. తెలుసులే."

"ఇంకో మాట." బ్రెహిమా చొక్కా గుండీ తిప్పుకుంటూ నిలబడ్డాడు. "అక్కణ్ణించి వచ్చాక దున్నను మా తమ్ముడికిద్దామని... నీ ఆయాసం చూస్తున్నాం కదా."

"అంటే ఊళ్ళో ఇదే ఆఖరు."

"ఇదే, బాబాయ్."

డోలు వాయించే మొలోబాలీ పక్కనే పడవ నీడలో పడుకుని ఉన్నాడు. "అది ఆయాసం కాదురా, వీడు అతికిన పడవలెక్కి మునిగినవాళ్ళ ఉసురు!"

"అలసందలు మేసీ మేసీ డోలుకన్నా పెద్ద పొట్టేసుకున్నావు, నువ్వా నాకు చెప్పేది?"

మొలోబాలీది కులిబాలీ వంశం. వాళ్ళను అలసందల పేరెత్తి ఏడిపించకుండా పలకరిస్తే అది మా దగ్గర అవమానం. ముగ్గురూ నవ్వారు. కరుంగా నవ్వు సగంలో ఆగింది. ఎడమ చెయ్యి తిమ్మిరెక్కితే రుద్దుకున్నాడు. మధ్యాహ్నం ఇంటికి వెళ్ళడానికి ఒడ్డెక్కుతూ రెండుచోట్ల నిలబడ్డాడు.

సున్కురా జొన్న సంకటి, చేపల పులుసు ముందు పెట్టింది.

"ఈ సాయంత్రంతో... అదే, ఈ పడవతో నా పని అయిపోయిందే. ఇకమీదట కుర్రాళ్ళు చూసుకుంటారట."

ఆమె గరిటె ఆగింది. "ఎవరన్నారు?"

"బ్రెహిమా." చేతిలో ముద్ద పళ్ళెంలోనే వదిలేశాడు. "సున్కురా, అప్పుడు ఫ్రాన్సులో..."

"వడ్రంగి పనికేగా వెళ్ళావు. ఎన్నిసార్లు చెబుతావయ్యా?"

"అది కాదే. అక్కడ ఒకావిడ..."

"చూశారా, ముసలాడికి ఆవిడెవరో ఇప్పుడు గుర్తొచ్చింది!" అని నవ్వబోయి నవ్వలేకపోయింది. "వద్దు, చెప్పకు. నీ నోటితో చెప్పావంటే రేపటినుంచి నేనెలా పాడను?" అని ఇంకో చేపముక్క అతని పళ్ళెంలో వేసింది.

అతను ఆ ముక్క తిన్నాడు. ఇక ఆమె నోట ఆ మాట వినబోనని తేల్చుకున్నాడు.

ఎండ వాలింది. మైదానం అంచున చాప దడి కట్టారు. మోసేవాళ్ళు తయారయ్యేది దాని వెనకే, అటు ఆడవాళ్ళు అడుగుపెట్టరు. కరుంగా చట్రం కిందికి దూరి భుజాలు కలిపి లేచాడు. లోపల ఎండుగడ్డి వాసన, ఉక్క, తన ఊపిరి తనకే చప్పుడు. కింద జానెడు సందులోంచి జనం పాదాలు మాత్రం కనిపిస్తాయి. అన్ని పాదాల్లోనూ సున్కురా పాదాలు అతనికి తెలుసు. మొలోబాలీ డోలు అందుకున్నాడు, దున్న తల విసిరింది, పిల్లలు కేకలేస్తూ వెనక్కి పరిగెత్తారు.

రెండు చుట్లు మామూలు పాటే. మూడో చుట్టుకు సున్కురా ముందుకొచ్చి, ఎవరూ ఎప్పుడూ వినని మాటలు ఎత్తుకుంది.

"అడవి దున్నా, అడవి దున్నా, నీ కాలికి తారెక్కడిదే?
ముప్పై ఒక్క ఏళ్ళు నా ముందే ఆడావు,
నీ అంత బాగా ఆడినవాణ్ణి నేనెక్కడా చూడలేదే!"

ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు, తర్వాత ఫక్కున నవ్వి అదే అందుకుని పాడారు. మా మగవాళ్ళ ముఖాల్లో నెత్తురు చుక్క లేదు. "ఇదేం పాట, ఇదేం పాట!" అని బ్రెహిమా గొణిగాడు. మొలోబాలీ మాత్రం డోలు ఇంకా గట్టిగా వాయించాడు.

దున్న నిలబడిపోయింది. తర్వాత మెల్లగా ఆమె వైపు తల తిప్పి, కొమ్ము నేలకానేదాకా వంచింది. మా దున్న ఎవరికీ తల వంచగా నేను చూడలేదు. మళ్ళీ లేచి ఒక చుట్టు తిరిగింది. అబ్బ, ఏం తిరగడం అది! చివర్న ఎప్పటిలాగే మైదానం మధ్య మోకాళ్ళు మడిచి కూర్చుంది.

డోలు మూడో దెబ్బకు లేవాలి. మూడు పడ్డాయి. మొలోబాలీ ఇంకో మూడు వేశాడు, ఇంకో మూడు వేశాడు. సున్కురా అదే పాట మళ్ళీ పాడింది, ఇంకా పాడింది. మేం వెళ్ళి దున్నను ఉన్నదున్నట్టుగా ఎత్తి దడి వెనక్కి మోసుకుపోయాం. ఆమె నిలబడ్డ చోటినుంచి కదల్లేదు. కదిలితే తెలిసినట్టవుతుంది.

మసక పడుతుండగా బ్రెహిమా, మొలోబాలీ ఆమె వాకిట్లో నిలబడ్డారు.

"పిన్నీ, బాబాయ్... పడవ దగ్గర పని చేస్తూ చేస్తూ ఒరిగిపోయాడు."

ఆమె గుంజ పట్టుకుంది. "పడవ దగ్గరా?"

"పడవ దగ్గరే, పిన్నీ."

"కష్టపడ్డాడా?"

"లేదు. కూర్చున్నాడు, అంతే."

గుంజ వదలకుండానే అడిగింది. "నా పాట అక్కడిదాకా వినిపించి ఉంటుందా?"

జీవితమంతా వెక్కిరింతలతో గడిపిన మొలోబాలీ ఈసారి వెక్కిరించలేదు. "వినిపించింది చెల్లెమ్మా. ప్రతి ముక్కా విన్నాడు. విని తల వంచి..."

బ్రెహిమా మోచేత్తో పొడిచాడు.

"తల వంచి పని చేసుకున్నాడు," అన్నాడు మొలోబాలీ.

అప్పుడు ఏడ్చింది, ఒడ్డు దాకా వినబడేలా ఏడ్చింది. పడవ పక్కన మేం పడుకోబెట్టిన మనిషి దగ్గర కూలబడింది. ఉత్త పాదాలు, చీలమండల దాకా మైదానం దుమ్ము. కొంగుతో ఆ దుమ్మంతా తుడిచింది.

"చెప్పులేవి?" అంది.

ఆమె మళ్ళీ అడగలేదు.

మర్నాడు పొద్దున్నే మట్టి చేశాం. మధ్యాహ్నం బస్సు కదిలింది, పైన దున్న తల, లోపల బ్రెహిమా తమ్ముడు. ఆ చెప్పుల సంగతి మాలో ఒక్కడికీ గుర్తు రాలేదు. దడి వెనక, ఆడవాళ్ళు అడుగుపెట్టని చోట, ఒక పక్కకే అరిగిన రబ్బరు చెప్పులు మైదానం వైపు తిరిగి జతగా ఉన్నాయి.