ఆకులక్క నోరు విప్పని గంట

తోటకూర మడి చివరికి వచ్చేసరికి బకెట్టు దాదాపు ఖాళీ అయింది. అయినా ఆకులక్క దాన్ని ఎడమచేతిలోంచి కుడిచేతిలోకి మార్చుకుంది. వారం రోజులుగా ఎడమ భుజంలో ఒక నొప్పి పిలవని చుట్టంలా వచ్చి తిష్ఠ వేసింది, పొమ్మన్నా పోవడం లేదు. పొద్దున టీ గ్లాసు అందిస్తూ భర్త, "ఇవాళైనా డాక్టరుకి చూపించు," అన్నాడు. "రేపు," అంది. ఆ రేపు వారం నుంచీ వాయిదా పడుతూనే ఉంది.

టైము ఏడు దాటింది. సామాజిక విద్యా కేంద్రం వెనక ఉన్న ఆ జాగా ఒకప్పుడు విరిగిన బల్లలు పడేసే చోటు. ఇప్పుడక్కడ తొమ్మిది మడులున్నాయి. ఆమె ఒక్కో మడి దగ్గరా వంగి, పాలకూర ఆకుల అడుగు తిప్పి చూసి, పురుగు కనపడితే రెండు వేళ్ళతో నలిపి, ముందుకు కదులుతోంది. పొట్టిమనిషి. నడిస్తే కాస్త కుడిపక్కకి ఒరుగుతుంది. ఎంత తోముకున్నా వేళ్ళ కొసల్లోని ఆకుపచ్చ చారలు పోవు. నేలమీద మోకాళ్ళూనే పని కాబట్టి ఆమె బట్టలన్నిటికీ మోకాళ్ళ దగ్గర రెండో పొర ఉంటుంది. దాన్ని దర్జీ అయిన భర్త బయటికి కుట్టు కనపడకుండా లోపలినుంచి వేస్తాడు.

గేటు దగ్గర కాపలా తాత చీపురు ఆపి అడిగాడు. "ఏం ఆకులక్కా, మొక్కలక్కూడా హాజరేస్తున్నావా?"

"వేస్తా తాతా. పిల్లలైతే వస్తామని చెప్పి ఎగ్గొడతారు. ఇవి పాపం ఎక్కడికీ పోవు. ఎగ్గొట్టేది మనమే."

కాగితాల మీద ఆమె హోదా క్షేత్ర సహాయకురాలు. ఆ మాట ఆమె మెడలోని బిళ్ళ మీద తప్ప ఇంకెక్కడా కనపడదు. వీధిలో చంటిపిల్లల దగ్గర్నుంచి ముసలివాళ్ళ దాకా అందరికీ ఆకులక్కే.

పది గంటలకి తల్లుల క్లాసు మొదలైంది. పన్నెండుమంది చాప మీద గోడకి ఆనుకుని కూర్చున్నారు. ముందుగా అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే, నిన్న ఏం తిన్నారని. జవాబు మాత్రం మొదట ఆమే చెబుతుంది.

"నిన్న మధ్యాహ్నం నేను టీలో నాలుగు బిస్కెట్లు ముంచుకుని తిన్నాను. మీకు పాఠాలు చెప్పే మనిషి భాగోతం ఇది. ఇక మీరు చెప్పండి."

నవ్వులు వినిపించాయి. ఆ తర్వాత నోళ్ళు పెగిలాయి. ఒకామె పిల్లలు మిగిల్చింది తిన్నానంది. ఇంకొకామె ఏమీ తినలేదని చెప్పి, చెప్పినందుకు తనే ఆశ్చర్యపోయింది. ఆకులక్క ఎవరినీ తప్పు పట్టలేదు. పొయ్యి వెలిగించి, ఆకుకూర కట్ట వాళ్ళ చేతికే ఇచ్చింది. కడిగాక తరగాలి గానీ తరిగాక కడగకూడదు. ఉడికిన నీళ్ళు పారబోయకూడదు. పసివాడి గిన్నెలో ఒక చెంచా నూనె, మెదిపిన గుడ్డు కలపాలి. ఇవన్నీ ఆమె నోటితో చెప్పింది తక్కువ. ఎవరైనా నీళ్ళు వంపబోతే గిన్నె కింద ఇంకో గిన్నె పెట్టి ఊరుకునేది.

ఈ పద్ధతి ఆమెకి ఏ శిక్షణలోనూ రాలేదు. ఇరవయ్యారేళ్ళ కిందట ఇదే హాల్లో, చివరి వరుసలో, ఏడాదిన్నర కూతుర్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అప్పుడామె నూలు మిల్లులో కూలి. ఆనాటి టీచరు వచ్చి పాప చేతిని పైకెత్తి, పుల్లలా ఉన్న ఆ చేతిని అందరికీ చూపించి, "చూడండి, పిల్లలు ఇలా ఉండకూడదు," అన్నాడు. చెప్పింది నిజమే. కానీ ఆమె మళ్ళీ ఏడాది పైచిలుకు ఆ గుమ్మం తొక్కలేదు. ఆ ఏడాదీ పాపని బతికించింది పక్కింటి కూరగాయలమ్మే అవ్వ. తట్టలో మిగిలిన ఆకు తెచ్చి, పక్కన కూర్చుని వండించేది. ఎందుకిలా చేశావని ఏనాడూ అడగలేదు.

మిల్లు మూతపడ్డాక ఆమె ఈ కేంద్రంలోనే ఊడ్చే పనికి చేరింది. ఎనిమిదేళ్ళు ఊడుస్తూ పాఠాలన్నీ చెవిన వేసుకుంది. ఒకరోజు టీచరు రాకపోతే, కాచుకుని కూర్చున్న తల్లులు, "నీకు తెలుసుగా, నువ్వే చెప్పు," అన్నారు. చీపురు మూల పెట్టి చెప్పింది. అప్పటినుంచి పదకొండేళ్ళుగా చెబుతూనే ఉంది. ఆ పుల్లచేతుల పాప ఇప్పుడు తల్లికంటే జానెడు ఎత్తు పెరిగి సిటీ బస్సులో కండక్టరు. కిక్కిరిసిన బస్సులో పడుచువాళ్ళని కూడా ఒక్క చేత్తో పక్కకి జరుపుతుంది.

మధ్యాహ్నం ఎండలో ఆకులక్క మూడో వీధి మేడింటికి వెళ్ళింది. ఆ ఇంటి అత్తగారు ఇప్పటికి మూడుసార్లు మొహం మీదే తలుపేసింది. అందుకు కారణం లేకపోలేదు. నాలుగు నెలల కిందట సర్వేకి వచ్చిన ఒకమ్మాయి మనవణ్ణి చూసి, ఫారంలో 'ఇంటివాళ్ళ అశ్రద్ధ' అని రాసి వెళ్ళింది. ఆ మాట కోడలు పైకి చదివితే ముసలామె విన్నది. ముగ్గుర్ని పెంచిన చెయ్యి ఆమెది.

తలుపు సగమే తెరుచుకుంది. "మళ్ళీ వచ్చావా? మా పిల్లాడు బాగానే ఉన్నాడు."

"పిల్లాడి కోసం రాలేదు వదినా. మీ సొరతీగ కోసం వచ్చాను."

"సొరతీగా?"

"మాది పూస్తుంది, పిందె దిగుతుంది, బొటనవేలంత అయ్యేసరికి కుళ్ళి రాలిపోతుంది. మీ మేడ మీద ఒక్కటీ రాలడం లేదు. నెల రోజులుగా రోడ్డు మీద నిలబడి చూస్తున్నాను. చూసి ఏడుస్తున్నాను కూడా."

ఇది ఎత్తు కాదు. సొర ఆమెకి నిజంగానే లొంగలేదు. అత్తగారు ఆమెని ఎగాదిగా చూసి, రెండో తలుపు కూడా తీసింది.

మేడ మీద నిలువునా కోసిన నీళ్ళ డ్రమ్ములో తీగ. దాని కింద నాలుగు కాయలు చల్లగా వేలాడుతున్నాయి. "మగపువ్వు తెంపి ఆడపువ్వుకి రాస్తున్నావా?" అని అడిగింది అత్తగారు.

"తేనెటీగలు చూసుకుంటాయి కదా అని..."

"ఏ తేనెటీగలు? ఈ ఊళ్ళో ఉన్నవి ఈగలు! అయినా సొర పూసేది పొద్దువాలాక. ఆ వేళకి నువ్వు గేటుకి తాళం వేసి ఇంటికి పోతావు. ఇంక ఎవరు రాస్తారు?"

ఆకులక్క నుదురు కొట్టుకుంది. "పదకొండేళ్ళు! నాకు ఒక్కళ్ళూ చెప్పలేదు వదినా."

"నువ్వు అడిగావా?" అంది అత్తగారు, నవ్వు దాచుకుంటూ.

అప్పటికి కోడలు పిల్లవాణ్ణి చంకనేసుకుని మెట్లెక్కి వచ్చింది. పద్నాలుగు నెలల వాడు. మెడ మాత్రమే పొడుగ్గా కనిపిస్తోంది. ఆకులక్క సంచిలో చేతి చుట్టుకొలత చూసే టేపుంది. ఆమె సంచి ముట్టుకోలేదు. కాసేపటికి అత్తగారే, తీగకి ముడి వేస్తున్నట్టు అటు తిరిగి, గొంతు తగ్గించి అంది.

"వీడు ముద్ద నోట్లో పెడితే ఊసేస్తున్నాడు. ముగ్గుర్ని సాకాను. వీడితో నావల్ల కావడం లేదు."

"ఎవరితో కలిసి తింటాడు?"

"వాడికి ముందే పెట్టేస్తాం. తర్వాతే మేం తింటాం."

"మీ మధ్యలో కూర్చోబెట్టి వాడి గిన్నె వాడికిచ్చి చూడండి వదినా. సగం నేలపాలవుతుంది. మిగతా సగం లోపలికి పోతుంది. ఇదిగో, ఈ సొరకాయ ముక్కే మెత్తగా ఉడికించి చేతికివ్వండి. పైన కాస్త నూనె, గుడ్డు మెదిపి." పిల్లవాడి బుగ్గ మీద వేలితో రాసి మళ్ళీ అంది. "గురువారం మా క్లాసుకి మీరు రావాలి. ఈ పువ్వు సంగతి మీరే చెప్పాలి."

"నేనా? నాకు చదువు రాదు."

"సొరపువ్వుకి చదువు వచ్చా?"

ఈసారి అత్తగారు నవ్వు దాచుకోలేకపోయింది. కోడలైతే మొహం పిల్లవాడి భుజంలో దాచుకుని నవ్వింది. గుమ్మం దాకా వచ్చి సాగనంపుతూ అత్తగారు, "వీణ్ణి కూడా తీసుకొస్తాను. బరువు చూద్దువు గాని," అంది, అదేదో తనకే తట్టినట్టు.

మెట్లు దిగుతూ ఆకులక్క రెండుసార్లు ఆగింది. మెడ వెనక చెమట చల్లగా దిగింది. ఎండ అనుకుంది.

నాలుగింటికి యువజన బృందం కూడింది. పదిహేను నుంచి ఇరవై ఏళ్ళ మధ్యవాళ్ళు పద్నాలుగుమంది. మొదటి ఏడాది ఈ గంటలో ముప్పావువంతు ఆకులక్కే మాట్లాడేది. ఒకనాడు ఒకమ్మాయి లేచి, "అక్కా, నాయకత్వం అంటే మీరు మాట్లాడుతుంటే మేం తలూపడమా?" అని అడిగింది. ఆ రాత్రి ఆకులక్కకి నిద్ర పట్టలేదు. మర్నాటినుంచి ఈ గంట మొదలవగానే బుగ్గన ఒక లవంగం పెట్టుకుని కిటికీ పక్క కుర్చీలో కూర్చుంటుంది. మాట్లాడాలనిపిస్తే లవంగం కొరుకుతుంది. గొడవలు ముదిరిన రోజుల్లో నాలుగు లవంగాలు కూడా చాలేవి కావు.

ఆ రోజు సంగతి చిన్నది కాదు. నీళ్ళ ట్యాంకు అవతలి ఖాళీ స్థలాన్ని రెండేళ్ళుగా వీళ్ళే బాగుచేసి కూరలు పండిస్తున్నారు. దాన్ని బండ్లు నిలిపే చోటుగా మార్చాలని వార్డు ఆఫీసు ఆలోచన. అభ్యంతరాలుంటే రేపు పదింటికి వచ్చి చెప్పుకోమన్నారు.

"మీరు వస్తారుగా అక్కా?" అన్నారు అందరూ.

"రాను. మీరే వెళ్ళాలి, మీరే మాట్లాడాలి. ఎవరు వెళ్తారో తేల్చండి. అంతా అయ్యాక నన్ను అడగండి, చెప్తాను." లవంగం బుగ్గన పెట్టుకుని కుర్చీలో వెనక్కి వాలింది.

"నేను మాట్లాడతా. నాకు భయం లేదు," అన్నాడు మైకు. గొంతు పెద్దది కాబట్టి వాడికా పేరు.

"నీకు భయమూ లేదు, విషయమూ లేదు," అంది వెనకనుంచి ఒక గొంతు. హాలంతా గొల్లుమంది. కుర్చీలో ఆకులక్క కూడా నవ్వింది. ఆ నవ్వు చూశామని తర్వాత నలుగురు చెప్పారు.

మైకు అలిగి గుమ్మం దాకా వెళ్ళాడు. ఎవరూ పిలవకపోయేసరికి తనే తిరిగొచ్చాడు. విషయం తెలిసిన మనిషి అక్కడ ఒక్కతే ఉంది. ఏ మడి ఎవరు తవ్వారో, ఏ ఇంటికి ఏ కూర వెళ్ళిందో మొదటి రోజునుంచీ రాసిపెట్టిన పదిహేడేళ్ళ పిల్ల. ఆమెని రిజిస్టరు అంటారు.

"అన్నీ తెలుసు గానీ, పెద్దవాళ్ళ ముందు నా గొంతు వణుకుతుంది," అంది రిజిస్టరు నేల చూస్తూ.

అందరూ అలవాటు కొద్దీ కిటికీ వైపు చూశారు. అక్కడినుంచి మాట రాలేదు.

"వణకనీ," అన్నాడు మైకు చివరికి. "నేను పక్కనే నిలబడతా. నువ్వు ఎక్కడ ఆగితే అక్కడ తర్వాతి మాట అందిస్తా. కాగితం ఇటివ్వు. ముందు నేనూ నేర్చుకోవాలిగా."

ఇద్దరూ నిలబడి ఒకసారి చెప్పి చూశారు. రిజిస్టరు మూడుచోట్ల ఆగింది. రెండోసారి ఒక్కచోటే ఆగింది. ఒకడు వార్డు ఆఫీసరులా కాలు మీద కాలేసుకుని అడ్డదిడ్డం ప్రశ్నలడిగాడు. మూడోసారి ఆ పిల్ల వాడి వైపే సూటిగా చూస్తూ, గొంతు వణుకుతుండగానే, ఎక్కడా ఆగకుండా చెప్పేసింది. అందరూ చప్పట్లు కొట్టారు.

"అక్కా, ఎలా ఉంది?"

లవంగం తీసి మాట్లాడడానికి ఆమెకి కాస్త టైము పడుతుందని అందరికీ తెలుసు. ఆగారు.

"అక్క లవంగం మింగేసినట్టున్నారు," అన్నాడు మైకు. ఎవరూ నవ్వలేదు.

రిజిస్టరు దగ్గరికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుంది. ఆకులక్క తల కిటికీ చట్రానికి ఆనుకుని ఉంది. ఒళ్ళో రెండు చేతులూ వెల్లకిలా ఉన్నాయి. వేళ్ళ మీది ఆకుపచ్చ గీతల మీద వాలుటెండ పడుతోంది. మొహంలో బాధ లేదు. ఎవరి మాటో ఆసక్తిగా వింటూ కునుకు తీసినట్టుంది.

గుండె అని డాక్టరు చెప్పాడు. ఎప్పుడు ఆగిందో కచ్చితంగా చెప్పలేమన్నాడు. ఆ గంటలో ఎక్కడో ఒకచోట అన్నాడు.

కూతురు డ్యూటీ మధ్యలో యూనిఫాంతోనే పరిగెత్తుకొచ్చింది. స్ట్రెచర్ తెచ్చినవాళ్ళని ఆగమని, తల్లిని తనే రెండు చేతులతో ఎత్తి పడుకోబెట్టింది. భర్త ఏడవలేదు. వంగి, ఆమె మోకాళ్ళ దగ్గర నలిగిన బట్టని అరచేత్తో సాపు చేశాడు. మళ్ళీ మళ్ళీ సాపు చేశాడు.

పిల్లలు మర్నాడు పదింటికి వార్డు ఆఫీసుకి వెళ్ళారు. రిజిస్టరు రెండుచోట్ల ఆగింది, రెండుచోట్లా మైకు మెల్లగా మాట అందించాడు. స్థలం ఇంకో మూడేళ్ళు తోటగానే ఉండాలని రాసిచ్చారు. గురువారం అత్తగారు మనవణ్ణి ఎత్తుకుని వచ్చి, తల్లుల ముందు ఒక సొరపువ్వు పట్టుకుని నిలబడింది. మగపువ్వుని ఆడపువ్వుకి ఎలా రాయాలో చెప్పింది. ఇదంతా తర్వాతి సంగతి.

ఆ సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక, కాపలా తాత గేటు వేద్దామని వెనక్కి వెళ్ళాడు. మూడో మడి దగ్గర, అప్పుడే నాటిన లేత టమాటా నారు మీద ఎండ పడకుండా ఎవరో ఒక గొడుగు తెరిచి, గాలికి ఎగిరిపోకుండా పురికొసతో గుంజకి కట్టారు. మధ్యాహ్నం ఆకులక్క మూడో వీధికి వట్టి తలతో వెళ్ళడం తాత చూశాడు. ఇప్పుడు ఎండ లేదు. మూయడానికి చెయ్యి చాచి, మనసొప్పక వెనక్కి తీసుకున్నాడు. చిరిగినచోట దర్జీ కుట్టిన పూలగుడ్డ అతుకుతో, ఆ నల్ల గొడుగు అలాగే, తన కింది పదహారు మొక్కల మీదికి వంగి ఉంది.