కొత్త మార్కెట్లో చోటు

అరుగు మీద కత్తిపీట వేసుకుని, లాయరు గారింటికి పంపాల్సిన బొచ్చె చేపకు పొలుసు గీస్తున్నాను. గోదావరి గట్టు వెడల్పు చేయడానికి మా వీధి మొత్తం ఖాళీ చేయిస్తున్నారు. ఆ సర్వే ఆయన గుమ్మం ముందు నిలబడి మా ఆయన్ని అడిగాడు.

"మీ ఆవిడ ఏం చేస్తారండీ?"

"ఏం చెయ్యదండి. ఇంట్లోనే ఉంటది" అన్నాడు బుల్లియ్య.

నా చేతులకు మోచేతుల దాకా పొలుసు. సర్వే ఆయన నన్నొకసారి చూసి, రాసుకుని పోయాడు.

సాయంత్రం పక్కింటి పాపాయి చెబితే తెలిసింది. ఊరవతల ఫ్లాటు ఇంటికొకటి ఎటూ ఇస్తారట. కొత్త మార్కెట్లో చోటు మాత్రం, చేపలమ్ముతుందని ఇంటాయన చెప్పిన ఆడవాళ్ళకేనట. వీధి చివర సర్వే వాళ్ళు వేసిన టెంటు రేపు మధ్యాహ్నం ఎత్తేస్తారట. పరుగెత్తాను. "మార్చాలంటే మీ ఆయనే రావాలమ్మా" అన్నారు.

ఆయన్ని అడిగితే నవ్వాడు. "ఫ్లాటుకెళ్ళాక కూడా నెత్తిన బుట్టేంటే? మెట్ల మీద నీచు కారుతుంటే మన పరువేంటి?"

మోకాళ్ళు అరిగి మంచం పట్టిన మా అత్త రత్తమ్మ అందుకుంది. "సుఖంగా కూచోబెడతానంటే ఏడుస్తావేంటే?"

కూచోవడం. మూడో అంతస్తులో, తలుపేసుకుని. రేవులో నన్ను లోవలక్ష్మీ అని పిలిచి బేరమాడేవాళ్ళున్నారు, ఇంట్లో నేను 'ఏమే'ని. పెళ్ళయి వచ్చిన నెలకే తన బుట్ట తీసి నా నెత్తిన పెట్టింది ఈ అత్తే, అప్పుడీ పరువు ఎక్కడికి పోయిందో! మాలో వల మగాళ్ళది, అమ్మకం ఆడవాళ్ళది. మగాడు తక్కెడ పట్టుకుంటే వీధంతా నవ్వుతుంది. అయినా అమ్మకాన్ని పని అనరు. వంటలాగా, ఊడ్చడంలాగా, అదీ నా ఒంట్లోంచి దానంతటదే వచ్చేస్తుందనుకుంటారు. ఎక్కడికి పోను? పడవ ఆయనది, రాబోయే ఫ్లాటు ఆయన పేరు మీదే. నాకంటూ ఉన్నది గట్టు మీద గోనెపట్టా పరుచుకునేంత చోటు. రేపు టెంటు ఎత్తేస్తే అదీ పోయినట్టే.

తెల్లారి పడవ రేవుకొచ్చింది.

"ఏమే! బుట్ట తే!"

నేను అరుగు మీద కూర్చుని తల దువ్వుకుంటున్నాను. మళ్ళీ కేక. ఆడవాళ్ళంతా తక్కెళ్ళు ఆపి చూస్తున్నారు. చేతిలో వాలుగ చేపలతో బుల్లియ్య మోకాలి లోతు నీళ్ళలో నిలబడిపోయాడు.

అత్త మంచం దిగి, గోడ పట్టుకుని కుంటుకుంటూ వచ్చింది. "ఎండెక్కుతోందే! చేపలు పాడైపోతాయే!"

జుట్టు ముడేసుకున్నాను.

"మీ అబ్బాయిని ముందు టెంటు దగ్గరికెళ్ళి రమ్మను అత్తా. అందాకా అవి పడవలోనే ఉంటాయి."