డీజిల్ మూతకు తాళం

ఈ తమ్ముడు ఎంతసేపూ కిటికీలోంచి బయటికే ఎందుకు చూస్తున్నాడు, తప్పు చెయ్యనివాడైతే నా మొహం చూసి మాట్లాడొచ్చుగా, మూడో గేరులో ఎక్కాల్సిన మెరక, ఒకటో గేరుకి దించినా బండి మూలుగుతోంది, యాక్సిలరేటరు నేలకంటా తొక్కేశాను, అయినా ఒక సైకిలువాడు పక్కనుంచి దాటిపోతూ జాలిగా చూశాడు, పందొమ్మిదేళ్ళ పికప్పు, ముసలిదే, కాదనను, కానీ పది రోజుల కిందటిదాకా బీరువాలు, మంచాలు, కుట్టుమిషనుతో సహా ఎవరి కాపురమైనా ఈ మెరక మీదికి అవలీలగా చేరేసింది, పది రోజుల కిందటంటే నేను డీజిల్ ట్యాంకుకి తాళం మూత వేసిన రోజు, సరిగ్గా ఆ రోజునుంచే ఇంజనుకి దానంతటదే నీరసం వచ్చిందంటే నమ్మడానికి నేనేమన్నా చెవిలో పువ్వు పెట్టుకున్నానా.

అంతకుముందు ట్యాంకులోంచి డీజిల్ తీసింది తమ్ముడే, ఇంకెవరు తీస్తారు, బండి తోలేది మేమిద్దరమే, మెరక మీది ఇళ్ళకి సామాన్లు చేరేసే రోజులు వాడివి, ఊళ్ళో తిరిగే రోజులు నావి, వాడు తోలిన మర్నాడే మీటరు ముల్లు కిందికి దిగి ఉండేది, అడిగితే మూత దగ్గర తడిగా ఉంటోంది అన్నయ్యా, ఒకసారి చూడు అన్నాడు, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేను పట్టాను, కొత్త మూత, దానికి తాళం, తాళంచెవి నా లోపలి జేబులో, జేబుకి పిన్నీసు, డీజిల్ పోయించేది కూడా నేనే, అంతే, తగ్గడం ఆగిపోయింది, ఇంతకన్నా రుజువేం కావాలి, దారి మూసుకుపోయిన కడుపుమంటతో ఇప్పుడు ఇంజనుకే ఏదో చేసి ఉంటాడు, అదేదో బయటపడగానే ఇవాళే చెప్పేస్తాను, రేపటినుంచి నీ దారి నువ్వు చూసుకోరా అని, నా ఒళ్ళో కూర్చుని స్టీరింగు పట్టుకోవడం నేర్చుకున్నవాడికి ఈ మాట ఎలా చెప్పడం, చెప్పాలి, తప్పదు.

మా ఇద్దరి మధ్య ఇరుక్కుని కూర్చున్న చెవుల మేస్త్రీ మాత్రం కళ్ళు మూసుకుని ఇంజను వింటున్నాడు, పొడుగాటి స్క్రూడ్రైవరు ఒక కొస ఇంజనుకీ ఇంకో కొస చెవికీ ఆనించి వినందే ఏ బండీ విప్పడు, అందుకే ఆ పేరు, పొద్దున షెడ్డులో అలాగే విని గుండెలో జబ్బేమీ లేదు అన్నాడు, గాలి ఫిల్టరు దులిపి చూశాడు, డీజిల్ ఫిల్టరు కొత్తది వేశాడు, అయినా ఇదిగో మళ్ళీ ఇదే ఏడుపు, ఎంత దూరం పోయాక ఇలా అవుతుంది అని పొద్దున అడిగితే నేను నోరు విప్పేలోపే తమ్ముడు, పది పన్నెండు కిలోమీటర్లు మేస్త్రీ, ఓ అరగంట ఆపితే మళ్ళీ మామూలైపోతుంది అన్నాడు, అంత కచ్చితంగా ఎలా తెలుసు వీడికి, ఆ మాటకి మేస్త్రీ తలూపడం, ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవడం, వీళ్ళిద్దరూ కూడబలుక్కున్నారా ఏమిటి.

పక్కకి తియ్యి, ఇంజను ఆపకు, అన్నాడు మేస్త్రీ, దిగి నేరుగా ట్యాంకు దగ్గరికే నడిచాడు, ట్యాంకు దగ్గరికెందుకు, మూత తియ్యి బాబూ అన్నాడు, తమ్ముడికి వీపు తిప్పి పిన్నీసు విప్పాను, తాళం తిప్పి మూత కదిలించానో లేదో స్స్‌మని గాలి లోపలికి పోయింది, ఎంతసేపో పోయింది, అప్పటిదాకా దగ్గుతున్న ఇంజను నిదానంగా తేరుకుని మామూలు గొంతు తెచ్చుకుంది, నా చేతిలోని మూతని మేస్త్రీ తీసుకుని తిరగేశాడు, డీజిల్ వాడుకున్నకొద్దీ లోపలికి గాలి రావాలయ్యా, అందుకే మూతకి సన్న చిల్లు పెడతారు, దాన్ని కాస్తా సైకిల్ ట్యూబు ముక్కతో మూసేస్తే ట్యాంకు డీజిల్‌ని వదలదు, ఇక ఇంజను ఏం తాగుతుంది, ఇంతకుముందున్న మూత ఏదీ అన్నాడు, పనిముట్ల పెట్టెలోంచి తీసిచ్చాను, రబ్బరు చిరిగిపోయింది చూడు, మెరక ఎక్కినప్పుడల్లా డీజిల్ చిమ్మి ఉంటుంది, ఎవరికీ తడి కనపడలేదా అన్నాడు.

కనపడింది, వాడికి కనపడింది, నాకు చెప్పాడు కూడా, నేను చూడలేదు, తాళం వేసినా ఆ చిల్లులోంచి సన్న గొట్టం దూర్చగలడేమోనని అర్ధగంట కూర్చుని ఆ ముక్క కోసింది నేను, నా తెలివికి నేనే మురిసిపోయాను, ఈ ఘనకార్యం ఎవరిది అని మేస్త్రీ అడుగుతున్నాడు, నేను జేబు పిన్నీసు సవరించుకుంటున్నాను, నేనే పెట్టాను మేస్త్రీ, తెలియక, అన్నాడు తమ్ముడు.

తాళంచెవి నా దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు, అది మేస్త్రీకీ తెలుసు, ఇప్పుడే కళ్ళారా చూశాడు, వాడికీ తెలుసు, ఆ తాళం ఎవరికోసమో పది రోజులుగా తెలుసు, తెలిసే పొద్దున్నే లేచి బండి తుడిచాడు, తెలిసే అన్నయ్యా అని పిలిచాడు, ఒక్క మాట అడగలేదు, వాడు కాదు మేస్త్రీ, నేనే పెట్టాను అన్నాను, ట్యూబు ముక్క పీకేసి మూత బిగించాను, తాళంచెవి తమ్ముడి చేతిలో పెట్టి నువ్వు తోలరా అన్నాను, వాడు ఎక్కి బండి కదిలించి మూడో గేరుకి తెచ్చాడు, బండి మెరక ఎక్కుతోంది, ఇప్పుడు కిటికీ పక్కన నేను, వాడివైపు చూడలేక బయటికే చూస్తున్నాను, ఇందాకటిదాకా వాడు బయటికి చూసింది తప్పు చేసి కాదు, నా మొహంలో ఉన్నది చూడలేక.