మెడ మీది మట్టి

లాండ్రీలో ఆమెది కాలర్ల పని. జిడ్డయినా, సిరా అయినా, చెమట మరకయినా ఆమె చేతిలో పడ్డాక వదలాల్సిందే. మొండి మరక కనిపిస్తే యజమాని, "అక్కకివ్వండి, అక్క చూసుకుంటుంది" అనేవాడు. ఆ మాటంటే ఆమెకు ఎంత గర్వమో! చదువు లేకపోతేనేం, ఈ ఒక్క విద్యలో తనని కొట్టేవాళ్ళు లేరనుకునేది.

అలాంటి మనిషి, కూతురి మెడ నల్లగా ఉంటే ఊరుకుంటుందా?

పిల్లకు తొమ్మిదేళ్ళు. నెలలు నిండే పుట్టింది గానీ, అప్పుడు రెండు కిలోలు కూడా తూగలేదు. చూడవచ్చిన ఆడపడుచు దుప్పటి ఎత్తి, "ఇదేంటి వదినా, పిట్టంత ఉంది! బతుకుతుందంటావా?" అంది. బాలింత దగ్గర అనాల్సిన మాటేనా అది? తల్లి గుండెల్లో ముల్లులా దిగింది. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. ఈ అమ్మ అడక్కముందే పెట్టింది. పిల్ల మొహం తిప్పుకుంటే ఒళ్ళో పడుకోబెట్టుకుని మరీ పెట్టింది. ఏడాది తిరిగాక అదే ఆడపడుచు వచ్చి, "అబ్బో, పిట్ట ఒళ్ళు చేసిందే" అంటే ఆమె కడుపు నిండిపోయింది. పిట్ట అన్న పేరు అలాగే ఉండిపోయింది. ఇప్పుడా పిట్ట నలభై ఎనిమిది కిలోలు.

ఏడాదిగా పిట్ట మెడ వెనక నల్లటి చార కనిపిస్తోంది. బడిలో పిల్లలు "మట్టి మెడ" అని ఏడిపిస్తున్నారని తెలిసి ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఊళ్ళో వాళ్ళ కాలర్లన్నీ తెల్లబరిచే మనిషి కూతురికా ఈ పేరు? దీపం కింద చీకటంటే ఇదే.

"ఒళ్ళు రుద్దుకోవడానికి కూడా బద్ధకమేనటే నీకు?" అని ఒక్కటేసింది. ఆదివారం ఆదివారం పిల్లను పీట మీద కూర్చోబెట్టి, కాలర్ల బ్రష్షుతోనే రుద్దింది. పిట్ట బకెట్టు అంచు గట్టిగా పట్టుకుని ఏడ్చేది. చార వదల్లేదు. నాలుగో ఆదివారం నెత్తురొచ్చింది. మూడు రోజులకు చీము పట్టింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ పుండు కడిగి, చుట్టూ ఉన్న నలుపును వేలితో తడిమి, "పుట్టినప్పుడు ఎంత బరువుంది?" అని అడిగింది. మెడకూ పురిటి బరువుకూ ఏం సంబంధమో తల్లికి అర్థం కాలేదు. మర్నాడు పరగడుపున రక్తం తీశారు.

కాగితం వచ్చాక డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. "ఇది మట్టి కాదమ్మా. రక్తంలో ఇన్సులిన్ బాగా ఎక్కువైతే మెడ ఇలా నల్లబడుతుంది. పాపకి ఉండాల్సినదానికి నాలుగింతలుంది. షుగర్ అంచు దాకా వచ్చేసింది."

"మా రెండువైపులా షుగర్ ఎవరికీ లేదండీ."

"చిన్నగా పుట్టిన పిల్లలకి ఈ ముప్పు ఎక్కువ. కడుపులో తిండి చాలక, దొరికింది దాచుకోవడం నేర్చుకుంటుంది ఒళ్ళు. పుట్టాక మరీ తొందరగా లావైతే..." తల్లి మొహం చూసి ఆగింది. "మీ తప్పని కాదు. బరువు పెంచమని అప్పుడు మావాళ్ళే చెప్పుంటారు."

చెప్పారు. ఆమె అంతకు పదింతలు చేసింది.

"షుగర్ రాకుండా ఆపుతారా?"

"తిండి మార్చి, రోజూ పరుగెత్తించి చూద్దాం. మూడు నెలలకోసారి రక్తం తీయాలి. రాదని మాత్రం మాటివ్వలేను."

ఆదివారం వచ్చింది. ఆమె నీళ్ళ గదిలోకి వెళ్ళేసరికి పిట్ట అప్పటికే పీట మీద కూర్చుని ఉంది. మెడ వంచి, ఒక చేత్తో బకెట్టు అంచు పట్టుకుని, రెండో చేత్తో బ్రష్షు వెనక్కి చాపింది.

"ఈసారి ఏడవనమ్మా. గట్టిగా రుద్దెయ్. మట్టి పోతే సూది గుచ్చరు కదా."

ఆమె బ్రష్షు తీసుకుని మూలకు విసిరేసింది. మగ్గుతో నీళ్ళు ముంచి, పుండు తడవకుండా పిల్ల భుజాల మీద పోసింది.

"అది మట్టి కాదు తల్లీ."

"మరేంటి?"

ఎంత మొండి మరకకైనా మందు తెలిసిన మనిషి, పుండుకు తగలకుండా ఆ నలుపు మీద వట్టి అరచెయ్యి ఆనించింది. పిట్ట మెడ వంచుకుని అలాగే కూర్చుంది.