చేపతో చుట్టరికం

మా ఊరి కొండరాతిలో చేప దొరికిందని తెలిసినప్పుడు అందరికంటే ఎక్కువ సంబరపడ్డది నేనే. మొగుడు పోయాక ఫూషియెన్ సరస్సు ఒడ్డున రాగిగిన్నెలో చేపల పులుసు కాచి అమ్ముకుంటూ బతుకుతున్నాను. రాతిలో చేపను చూడ్డానికి వచ్చినవాళ్ళు నా గిన్నెలో చేపను తినకుండా పోతారా అనుకున్నాను. నీళ్ళలో చేపకు బేరమాడటం అంటే ఇదే కాబోలు.

మ్యూజియం నుంచి యూన్‌షీ అనే అమ్మాయి వచ్చి, మా క్వాన్ వంశం వాళ్ళందరినీ, పోయిన తాతముత్తాతల పేరుపలకలు మెట్లమీద పెట్టి పూజించే పెద్దల మందిరంలో కూర్చోబెట్టి ఆ రాయి చూపించింది. వేలి కణుపంత మరక. యాభై రెండు కోట్ల ఏళ్ళ నాటిదట. వంశానికి పెద్ద మా మూడో తాతయ్య. ఆయన కళ్ళజోడు సవరించుకుని ఎముకలేవీ అని అడిగాడు. అప్పటికి ఎముకలే పుట్టలేదంది ఆ పిల్ల. వీపు పొడుగునా మెత్తని కడ్డీ ఒకటి ఉండేదట. ఎముక ఆ తరవాత కోట్ల ఏళ్ళకు, అదీ ముందు ఒంటిమీద కవచంలా మొదలై, మెల్లిగా లోపలికి చేరిందట. కడ్డీ చుట్టూ పూసలు కట్టుకుని వెన్నెముక అయిందట. చేప, కప్ప, కోడి, పంది, మనిషి, వెన్నున్న ప్రతి ప్రాణికీ మూలం ఇలాంటిదేనట.

మూడో తాతయ్య చెవికి ఆ మూలం అన్న ముక్క ఒక్కటే ఎక్కింది. పక్క ఊరివాళ్ళ వంశావళి మింగ్ రాజుల కాలం దగ్గరే ఆగిపోయింది మరి. మర్నాడే ఆ రాయి ఫోటోకు పటం కట్టించి, మందిరంలో అందరి తాతలకంటే పైమెట్టున పెట్టించి, అగరొత్తులు వెలిగించాడు. ఆ పొగ చెదరకముందే తీర్పు చెప్పాడు. క్వాన్ వంశం వాళ్ళు ఇకమీద చేప ముట్టకూడదు, మందిరం స్థలంలో చేప వండకూడదు. నా కొట్టు ఉన్నది మందిరం స్థలంలోనే. సమాధులు ఊడ్చే పండుగలోపు ఖాళీ చెయ్యమన్నాడు.

మరి పంది మాటేమిటని ఎవరో గొణిగారు. ఎండబెట్టిన పందితొడ లేనిదే మా ఊళ్ళో ముద్ద దిగదు. తాతయ్య తడుముకోలేదు.

"పంది ఎప్పుడో నీళ్ళొదిలి గట్టెక్కిందిరా. అత్తారింటికి పోయిన ఆడపిల్లలాంటిది, లెక్కలోకి రాదు. చేప అలా కాదు, కొడుకులా ఇంటిపట్టునే ఉంది."

ఊరు ఊపిరి పీల్చుకుంది. నాకు ఒళ్ళు మండింది. నా మొగుడు తేషెంగ్ పోయినప్పుడు, అతని పేరుపలక మందిరంలో పెట్టమని ఇదే గడప దగ్గర మోకరిల్లాను. అప్పుడు ఈయనే వంశావళి తిరగేసి, మీ శాఖ మాకు అయిదు తరాలు దాటిపోయింది, ఒకరి చావుకి ఒకరం తెల్లబట్ట కట్టే వరస కూడా లేదని పంపేశాడు. ఆ పలక నా వంటింట్లో ఉప్పుడబ్బా పక్కన ఉంది. చేప మానడానికి మాత్రం మేమూ వంశంలోవాళ్ళమే.

పండుగనాడు అందరూ చేరాక పలక చంకన పెట్టుకుని మందిరానికి వెళ్ళాను.

"మూడో తాతయ్యా, అయిదు తరాలు దాటితే చుట్టరికం తెగిపోతుందని మీరే కదా అన్నారు?"

"నేనన్నదేముంది, పెద్దల మాట అది."

"ఈ చేపకీ మనకీ మధ్య ఎన్ని తరాలు దాటాయో మరి. అయినా ఇది చుట్టమే అంటారా, అయితే మా ఆయనా చుట్టమే. ఈ పలక ఆ పటం కింద పెట్టండి, రేపే కొట్టు ఖాళీ చేస్తాను. కాదంటారా, నా చేపలు నన్ను వండుకోనివ్వండి."

తాతయ్య పటం వంక చూశాడు. పలక వంక చూశాడు. టీ కప్పు మూత తీసి, తేలుతున్న ఆకుల్ని ఊదుకుని ఒక గుక్క తాగాడు. నిజం చెప్పాలంటే, కొట్టు పోతేనే బాగుండుననిపించింది.

"చేప చుట్టం కాదు" అన్నాడు.

పటం దించేశారు. మధ్యాహ్నానికి నా కొట్టు నిండిపోయింది. తాతయ్య కూడా వచ్చి నడిమి బల్ల దగ్గర కూర్చుని, అన్నిట్లోకీ పెద్ద చేప వండమన్నాడు. పెద్దలకు చేసే మర్యాద ప్రకారం చేప తల ఆయన వైపు తిప్పి పెట్టాను.

"పులుసు బాగుందమ్మాయ్. ముళ్ళే ఎక్కువ" అన్నాడు.

గెలిచింది నేనే. కానీ ఏడుపు ఆగలేదు. నా మొగుడి పేరు పక్కన చేరుతుందేమోనని, యాభై రెండు కోట్ల ఏళ్ళ తాతను ఒక్క గుక్క టీ మింగేలోగా వదిలేసుకున్నాడు ఈ పెద్దమనిషి. వంటింట్లోకి వెళ్ళి పలకను మళ్ళీ ఉప్పుడబ్బా పక్కనే పెట్టాను.