నల్లచుక్క ఈగలు

మంగళవారం మా ఇంట్లో ఈగలకు వంట. మొక్కజొన్న పిండి, చెరకు పాకం, ఈస్టు, గట్టిపడడానికి కాస్త అగర్. గరిటె తిప్పడం ఆపితే అడుగంటుతుంది. చల్లారాక ముప్పై సీసాల్లో పోసి, దూది బిరడాలు పెట్టి, వంటగది అలమరలో పై అరలో సర్దుతాను. కింది అర నాది. అందులో ఉండేవి తక్కువ.

ఈగలు నావి కావు, మా ఆయన వాల్దీర్‌వి. పండ్ల చుట్టూ తిరిగే చిన్న ఈగలు. ముప్పై ఏళ్ళు ఇక్కడి పోర్తో అలెగ్రె విశ్వవిద్యాలయంలో వాటినే పెంచాడు. రిటైరైన రోజు కమలాపళ్ళ పెట్టెలో సీసాలు సర్దుకొని ఇంటికొచ్చి, "రెండు నెలలే, నేయ్వా" అన్నాడు. పదేళ్ళయింది. అందులో ఆఖరి ఆరేళ్ళు ఆయన లేడు.

నేనూ జంతుశాస్త్రం చదివినదాన్నే. పట్టా ఎక్కడుందో తెలియదు కానీ చదువు ఇంకా పోలేదు. కాబట్టి ఈగల సంగతి చెప్పగలను. చీమకన్నా చిన్న కందిరీగ ఒకటి వచ్చి, ఈగ పిల్లపురుగు ఒంట్లో తన గుడ్డు పెట్టి పోతుంది. చాలా పురుగులు పాపం ఏమీ చెయ్యలేవు. లోపలి గుడ్డు పిల్లయి, పురుగును తినేసి బయటికొస్తుంది. కొన్నిటిలో మాత్రం గుడ్డు పడగానే నిద్రపోతున్న జన్యువులు మేలుకుంటాయి. రక్తంలోని కణాలు పరుగున వచ్చి గుడ్డును పొర మీద పొరగా చుట్టేస్తాయి. అది నల్లబడి చస్తుంది. పురుగు బతికి ఈగవుతుంది. ఆ నల్లచుక్క మాత్రం చచ్చేదాకా కడుపులో కనబడుతూనే ఉంటుంది. వాల్దీర్ చుక్క ఉన్నవాటిని ఏరి వాటి సంతానాన్ని పెంచాడు, మళ్ళీ కందిరీగలను వదిలాడు, మళ్ళీ ఏరాడు. అలా తరాల కొద్దీ. మా పెళ్ళిరోజు మర్చిపోయేవాడు కానీ, ఎన్నో తరం నడుస్తోందో అడిగితే నిద్రలోనైనా చెప్పేవాడు.

పక్కింటి నొయేలికి ఇదంతా వేళాకోళం.

"ఊరంతా ఈగల్ని చంపడానికి మందు కొంటుంటే, నువ్వు పాయసం వండి పెడతావేమ్మా!" అంటుంది గోడ మీంచి.

"నీ మొగుడికి నువ్వు పెట్టడం లేదూ?"

"వాడికి రెక్కల్లేవు. ఎక్కడికీ పోడు."

నా ఈగలూ ఎక్కడికీ పోవనే అనుకున్నాను. ఏప్రిల్ చివర్లో తాయిస్ వచ్చేదాకా.

తాయిస్ వాల్దీర్ ఆఖరి శిష్యురాలు. నెలకోసారి ఈగలు ఎలా ఉన్నాయో చూడడానికి వచ్చి గంటసేపు కూర్చుంటుంది. మాతే ఆకుల వేడి కషాయం పోసిన సొరబుర్ర ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి వెళ్ళేది ఆ గంటలోనే. మిగతా రోజుల్లో నా వంతూ నేనే తాగుతాను, అవతలి వంతూ నేనే తాగుతాను.

ఆ రోజు బుర్ర నాకు తిరిగిచ్చి, "దోనా నేయ్వా, ఒక మాట" అంది, పేరుకు ముందు ఎప్పట్లాగే గౌరవం తగిలించి. "మా ప్రయోగశాలలో ఉన్న సార్ ఈగలు చెడిపోయాయి. కందిరీగలను వదిలితే చుక్కలు పడడం లేదు. మీవే మిగిలాయి. గుడ్డు పడ్డాక వాటిలో ఏ జన్యువులు మేలుకుంటున్నాయో ఇప్పుడు చదవగలం. సార్ కాలంలో అది లేదు."

"చదవండి, నేను వద్దన్నానా?"

"ముందు ఒక సీసా ఇవ్వండి, పరీక్ష చేస్తాను. ఆ శక్తి ఉంటే అన్నీ తీసుకెళ్ళిపోతాను. మీకూ ఈ చాకిరీ తప్పుతుంది."

"లేకపోతే?"

"లేకపోతే మామూలు ఈగలే కదా. ఉంచుకున్నా ఒకటే, పారేసినా ఒకటే."

చాకిరీ అంది. మంగళవారానికి ఆ పేరుందని నాకు అప్పటిదాకా తెలియదు.

"వచ్చే వారం రా, మంచి సీసా తీసి ఉంచుతాను" అన్నాను.

మర్నాడు పెరట్లో కమలాచెట్టు కింద, పండిన అరటిపండు వేసిన సీసా పెట్టాను. మే నెల వస్తోంది, రాలిన పళ్ళ మీద ఈగలకేం కొదవ? సాయంత్రానికి నలభై దాకా చేరాయి. దూది బిరడా పెట్టి, వాల్దీర్ దస్తూరీలో చీటీ రాసి అతికించాను. ఆయన 'ఎల్' అక్షరానికి ఒక మెలిక ఉండేది. నలభై ఏళ్ళు ఆయన రాసిన సరుకుల చీటీలు చదివినదాన్ని, ఆ మెలిక నాకొక లెక్కా? అసలు ఈగల సీసాలన్నీ పడగ్గదిలో, ఆయన కోట్లు వేలాడే బీరువాలో దాచేశాను. తాయిస్ వచ్చి పెరటి ఈగల్ని భద్రంగా రుమాలులో చుట్టుకొని పట్టుకెళ్ళింది.

ఫలితం తేలడానికి పన్నెండు రోజులు. దొంగతనం చేసినట్టేమీ అనిపించలేదు. ఇంట్లో ఉన్నదాన్ని ఇంట్లోనే ఉంచుకున్నాను, అంతే. ఒక సంగతి మాత్రం తట్టలేదు. ఈగలు మామూలువని తేలితే, వాటిని చూడడానికి నెలనెలా రావలసిన పని తాయిస్‌కు ఏముంటుంది?

పదమూడో రోజు ఫోను చెయ్యకుండానే వచ్చింది. కూర్చోలేదు. నేనిచ్చిన ఈగలకు పుట్టిన వంద ఈగలున్న చిన్న సీసా బల్ల మీద పెట్టి నిలబడిపోయింది.

"చూడండి. వందలో నాలుగింటికే చుక్క. వీధిలో ఈగల్ని పట్టుకొచ్చినా ఇన్నే ఉంటాయి."

"అవునా" అన్నాను, పొయ్యి మీది కెటిల్ సర్దుతూ.

"మీ తప్పేం లేదు దోనా నేయ్వా. ఆరేళ్ళుగా కందిరీగ మొహం చూడలేదు కదా. తప్పు నాదే. ముందే తీసుకెళ్ళి ఉండాల్సింది." ముక్కు తుడుచుకుంది. "సార్ ముప్పై ఏళ్ళు! రేపు నివేదికలో ఆ రకం అంతరించిందని రాయాలి. నా చేత్తో."

కెటిల్ కూత పెట్టింది. దించలేదు.

వాల్దీర్ పేరు పక్కన ఆ మాట ఎలా ఉంటుందో ఊహించుకున్నాను. ఆయన చనిపోయినప్పుడు ఆ పిల్ల ఏడవలేదు. దగ్గరుండి అన్ని పనులూ చేసింది. ఇప్పుడు, మా కమలాచెట్టు కింది ఈగల కోసం ఏడుస్తోంది.

"ఇలా రా" అన్నాను.

పడగ్గదిలోకి తీసుకెళ్ళి బీరువా తెరిచాను. కోట్లు పక్కకు జరిపితే వెనక ముప్పై సీసాలు. కొత్త మేత, కొత్త దూది. దాచానే కానీ మంగళవారం మానలేదు.

తాయిస్ సీసాలను చూసింది, నన్ను చూసింది. తర్వాత అటు బల్ల మీది సీసా వైపు చూసింది.

"మరి అవి?"

"పెరట్లోవి."

"చీటీ మీద సార్ దస్తూరీ?"

"బాగా కుదిరింది కదూ?"

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"పన్నెండు రోజులు, దోనా నేయ్వా! రాత్రిళ్ళు నిద్ర లేదు నాకు. నన్ను అడిగితే చెప్పేదాన్ని కదా, రెండు సీసాలు మీ దగ్గరే వదిలేసేదాన్ని కదా!"

"అడగడం రాలేదే పిల్లా. దాచడం వచ్చింది."

తాయిస్ సీసాలన్నీ కమలాపళ్ళ పెట్టెలోకి సర్దింది. వాల్దీర్ తెచ్చిన పెట్టే. నేను మధ్యలో పాత వార్తాపత్రికలు కుక్కాను, పగలకుండా. మాతే తాగి వెళ్ళమన్నాను. "ఇవాళ వద్దు" అంది. గేటు దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, నా బుగ్గ మీద గబగబా ముద్దు పెట్టి వెళ్ళిపోయింది. కోపం తీరలేదని ఆ విసురులోనే తెలిసింది.

రెండు వారాల తర్వాత ఫోను చేసింది.

"వందకు అరవై రెండు!" అని అరిచింది. "వాటికి ఏం పెట్టి పెంచారు మీరు?"

"పెట్టాల్సింది పెట్టాను. కాస్త ఎక్కువే పెట్టాను."

"అదే! మేము ఒక్కో సీసాలో వందలకొద్దీ కుక్కాం. ఈ శక్తి ఉన్న పురుగులు తిండి దగ్గర మెతక. జనం ఎక్కువైతే మిగతావి నెట్టేసి తినేస్తాయి, ఇవి మాడి చస్తాయి. మీ సీసాల్లో తిండి మిగిలిపోతోంది కాబట్టే బతికాయి."

ఇద్దరం ఉన్న ఇంట్లో పదిమందికి వండుతానని వాల్దీర్ బతికినన్నాళ్ళూ సణిగాడు. ఆయన పోయాక కూడా ఆ కొలతలు మారలేదు. ఈ మాట ఆయన వినాల్సింది. వినే మనిషి లేకపోతే నెగ్గినా పస ఉండదు.

"రెండు సీసాలు మీకు తెచ్చిస్తాను" అంది తాయిస్. "ఈ పరీక్షలు అయిపోనివ్వండి. వస్తానులెండి."

"తీరిక చూసుకొని రా" అన్నాను. అది జూన్. ఇది ఆగస్టు. రెండుసార్లు ఫోను చేసింది, ప్రయోగశాలలో ఊపిరి సలపడం లేదట. అబద్ధమని నేను అనుకోవడం లేదు.

తాయిస్ ఆ రోజు బల్ల మీద వదిలేసిన చిన్న సీసాను నేను పారెయ్యలేదు. ఫ్రిజ్‌లో కాసేపు పెట్టి, ఈగలు మత్తుగా పడుకున్నాక, వాల్దీర్ భూతద్దంతో చూశాను. నాలుగింటికి కడుపులో నల్లచుక్క. మూడు ఆడవి, ఒకటి మగది. వీటి తల్లుల్ని ఎవరూ ఏరలేదు, ఎవరూ మేపలేదు, కమలాచెట్టు కింద వాటికి ఆ శక్తి దానంతట అదే ఉంది. వాటిని వేరే సీసాలో వేశాను. చీటీ మీద ఈసారి నా దస్తూరీలోనే రాశాను.

నిన్న మంగళవారం. గరిటె తిప్పుతుంటే వాసన గోడ దాటింది.

"ఈగల్ని ఆ పిల్ల పట్టుకుపోయిందిగా! ఎవరికమ్మా ఇంకా ఈ వంట?" అంది నొయేలి.

"ఒక సీసా మిగిలింది."

"ఒక్క సీసాకు అంత గిన్నెడా?"

గిన్నెలోకి చూశాను. ముప్పై సీసాలకు సరిపడా ఉంది.