పలక లేని పడవ

ఒడ్డునున్న పడవల షెడ్డులో మేస్త్రిది ఒకటే మాట: పలక లేనిదే పడవ లేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. పక్కపక్కనే కలిపి కట్టిన జంట పడవకు నీళ్లలో తేలే పొట్టలు రెండుంటే, రెండింటికీ పైనుంచి నీళ్లలోకి నిలువుగా దిగే పలక ఉండి తీరాలనేవాడు. గాలి పక్కకు నెట్టేయకుండా పడవను పట్టి ఉంచేది అదే మరి. ఆయన తమ్ముడు పెట్టేది నీటి అడుగున నేల తగలగానే మడుచుకునే పలక. దాని గాడిలో ఇసుక ఇరుక్కున్నప్పుడల్లా లోకంలోని ఇసుకనంతా తిడుతూ గీకేవాడు.

మేస్త్రి కూతురు తాను కట్టిన జంట పడవకు అసలు పలకే పెట్టలేదు. పలక పని పొట్టే చేసేలా, దాన్నే లోతుగా, ఒక పక్క ఉబ్బుగా, మరో పక్క చదునుగా దిద్దింది.

“నేల విడిచి సాము చెయ్యకమ్మా,” అన్నాడు మేస్త్రి. “ఎదురుగాలిలో, అదిగో ఆ నీళ్లలో గుర్తుగా తేలుతున్న బోయా దాకా పోలేకపోతే నీ అచ్చు పగలగొట్టేస్తా.”

ఆ పొట్టలు పోసిన అచ్చును ఏడాది పాటు తన చేత్తో నునుపు చేసుకుంది పిల్ల. మొహం పాలిపోయినా సరేనంది.

తెరచాప పడవ నడపడం నేర్పే టీచరు పిల్లలకు పడవ ఎంచుకోవడానికి వచ్చిన రోజునే పరీక్ష. నడిపేది నేనేనంటూ మేస్త్రి చుక్కాని పట్టాడు, కూతురు పక్కన కూర్చుంది. అలవాటు కొద్దీ పడవ ముక్కును గాలికేసి తిప్పి పట్టాడు. వేగం చచ్చి, పడవ పక్కకు జారింది. బోయా దూరమైంది.

“చూశావా?” అన్నాడు. అన్నాడే గానీ, గెలిచిన సంతోషం మాత్రం రాలేదు.

“నాన్నా, ఇది నీ పడవలాంటిది కాదు. ముక్కును గాలి నుంచి కాస్త తప్పించు. పరిగెత్తనిస్తేనే నీళ్లను పట్టుకుంటుంది.”

ఒకరు చెబితే వినడం ఆయన ఒంట్లోనే లేదు. ఊరుకుంటే చాలు, తన మాటే నెగ్గుతుంది. కూతురి కళ్లలో నీళ్లు తిరగడం చూశాడు. చుక్కాని ఆమె చేతిలో పెట్టేశాడు.

ఆమె ముక్కు తిప్పగానే పడవ ఊపందుకుంది, జారుడు తగ్గింది. పలకల పడవ కంటే ఒక మలుపు ఎక్కువే తిరిగింది, కానీ బోయాను చుట్టేసింది. ఒడ్డుకు వచ్చేటప్పుడు పలక ఎత్తే పనీ లేదు, గాడి గీకే పనీ లేదు. అదే ఊపున ఇసుక మీదికెక్కి కూర్చుంది.

“మా పిల్లలకు ఇదే కావాలి. భలే కట్టారు మేస్త్రి గారూ,” అంది టీచరు.

తమ్ముడు నవ్వు ఆపుకుంటున్నాడు. మేస్త్రి కూతురి భుజం మీద చెయ్యి వేశాడు.

“ఇది నాకు చేతకాదమ్మా,” అన్నాడు షెడ్డంతా వినపడేలా. “మా అమ్మాయి కట్టింది.”